పెద్ద మిషన్‌లో పావు వంతు

మా కంప్యూటర్ సెంటర్‌లో పెద్ద మిషన్‌కు మధ్యాహ్నం పూట చచ్చిపోయే అలవాటు ఉండేది. పొద్దున బాగానే లేచేది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు వేళ్లతో అక్షరాలు వెతుక్కుంటూ, ఒక్కొక్కటే కొట్టుకుంటూ, హమ్మయ్య ఒక పేజీ అయింది అనుకునే సరికి తెర బిగుసుకుపోయేది. దానికి తగిలించిన ఆరు చిన్న తెరలూ దాంతోపాటే కొయ్యబారిపోయేవి. ఆరుగురూ ఒక్కసారే నా వైపు తిరిగేవాళ్లు.

“మేడం, మళ్ల సచ్చిందా?”

“సచ్చింది. లేవుండ్రి, చాయ తాగొద్దాం.”

నన్ను మేడం అనేది ఆ గదిలో వాళ్లే. సిరొంచ బజారులో మిగతా అందరికీ నేను నావ నడిపే ఆయన బిడ్డను. పన్నెండో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చుంటే, సెంటర్ పెట్టిన సారు పిలిచి పని ఇచ్చాడు. మా ఒడ్డు మహారాష్ట్ర, చదువంతా మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు నది అవతల చెన్నూరులో గోడల మీది సినిమా పోస్టర్లు చదివి పట్టుకున్నాను. కంప్యూటర్ లోపల ఏముంటుందో నాకు తెలియదు, కానీ నోరు ఉంది. తెలుగు, మరాఠీ, పాతగూడెం వైపు నుంచి వచ్చే ఆడపిల్లలతో కొంచెం గోండీ. భయపడేవాళ్లను నవ్వించి కుర్చీలో కూర్చోబెట్టడమే నా ఉద్యోగం అని సారు చెప్పాడు. అది నాకు అన్నం తిన్నంత తేలిక.

పాతగూడెం వైపు పిల్లలు తెల్లారి బస్సుకు బయలుదేరి వచ్చేవాళ్లు. అన్నం డబ్బా తెచ్చుకోరు. మధ్యాహ్నం మిషన్ చచ్చిందంటే సారు దాన్ని మళ్లీ లేపి, మొదటి నుంచి అన్నీ సరిచేసేసరికి బాగా పొద్దు వాలేది. ఆ పిల్లలు గోడకు ఆనుకుని ఆకలితో కూర్చుని ఉంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. మా ఇల్లు రేవు పక్కనే, నడిస్తే ఎంతో దూరం లేదు. “రాండ్రే, మా ఇంట్ల ఇంత తిని వద్దురు,” అని ఇద్దరినో ముగ్గురినో వెంట తీసుకుపోయేదాన్ని. మా అవ్వ, అంటే మా అమ్మ, ఏమీ అనేది కాదు. పొయ్యి మళ్లీ ముట్టించేది. ఆ ఎండాకాలమంతా మిషన్ చచ్చినప్పుడల్లా మా ఇంట్లో అన్నం ఉడికింది.

ఎండాకాలంలో బాపుకు, అంటే మా నాన్నకు, పని ఉండదని నాకు తెలియక కాదు. ప్రాణహిత సన్నబడిపోతుంది. జనం చీరలు, లుంగీలు ఎత్తి పట్టుకుని మోకాళ్ల లోతులో నడిచి అవతలికి పోతారు. పడవ ఇసుకలో బోర్లా పడుకుని ఉంటుంది. బాపు దానికి తారు పూసుకుంటూ, చీలికలు పూడ్చుకుంటూ, వానల కోసం చూస్తూ కూర్చుంటాడు. మళ్లీ నీళ్లు పెరిగితేనే జనానికి ఆయన అవసరం.

బాపును అందరూ నమ్మేది ఒక పద్ధతి వల్ల. అవతలి ఒడ్డున ఎవరికైనా ఏదైనా పంపాలంటే మూటో, సంచో, డబ్బానో ఇచ్చి ఫలానా వాళ్లకు అని చెబితే చాలు. లోపల ఏముందని బాపు అడగడు. ముడి ఎలా ఉందో అలాగే అవతల చేతిలో పెడతాడు. పెళ్లి నగలు పోయాయి ఆ పడవలో, మందులు పోయాయి, ఎవరో కొడుకుకు పంపిన కోడి పులుసు కూడా పోయింది. “ఏముందని అడిగితే నేను గూడ చూసినోన్నే అయిత,” అనేవాడు. ఆ మాట మీదే మా ఇల్లు నడిచింది.

వానల ముందు పెద్ద మిషన్ రోజుకు రెండుసార్లు చావడం మొదలుపెట్టేసరికి, సారు దాన్ని మంచిర్యాలలో బాగుచేసే ఆయన దగ్గరికి పంపాలనుకున్నాడు. ఆ పనీ బాపుకే చెప్పాడు. గోనెసంచిలో చుట్టి, పైన ప్లాస్టిక్ కప్పి, బాపు దాన్ని నెత్తిన పెట్టుకుని రేవు దాకా నడిచాడు. నేను వెనకాలే, “బాపూ జర పైలం, బాపూ గుంత ఉన్నది,” అని అరుస్తూ పోయాను. “నువ్వు సప్పుడు చేయకుంటె నేను పడ,” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో. సారు మిషన్ మా బాపు నెత్తి మీద.

అది బాగై తిరిగి వచ్చిన రోజు పెద్ద వాన. బాపు రేవులో దిగేసరికి చీకటి పడింది, సెంటర్‌కు తాళం వేసేశారు. డబ్బాను మా ఇంటికి తెచ్చాడు. పైకప్పు అక్కడక్కడా కారుతుంది కాబట్టి, తడవని చోటు వెతికి మంచం మీద పెట్టాడు. మంచానికి సరిగ్గా పైన దూలానికి వానమూట వేలాడుతోంది.

వానమూట అంటే చెప్పాలి. నది ఒడ్డున ఉండే మా వాడలో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పంట వచ్చినప్పుడు, ఆ ఏటి కొత్త బియ్యంలో ముందు కొంత తీసి గట్టి గుడ్డలో కట్టి దూలానికి వేలాడదీస్తారు. మిగతాది ఆ తర్వాతే తినడానికి, అమ్మడానికి. వానాకాలం వరద వచ్చి దారులు తెగినప్పుడు, పొయ్యి ఆరిపోయినప్పుడు మాత్రమే అది దిగుతుంది. వరద రాకపోతే దసరాకు దించి పరమాన్నం వండుకుంటారు. నడుమ ఎవరూ ముట్టుకోరు. చిన్నప్పుడు నేను కర్రతో దాన్ని ఊపినందుకు బాపు నన్ను కొట్టిన ఒకే ఒక్క దెబ్బ ఇంకా గుర్తు.

తెల్లారి బాపు మిషన్‌ను సెంటర్‌లో అప్పగించాడు. మంచిర్యాల ఆయన ఏం చేశాడో ఫోన్ చేసి చెబుతానన్నాడట. కానీ వానకు స్తంభాలు పడి సిరొంచలో ఫోన్లన్నీ మూగబోయాయి.

మిషన్ లేచింది. అయితే ఇంతకు ముందు కంటే మెల్లగా నడుస్తోంది. ఆరుగురు కూర్చుంటే ఒక అక్షరం కొట్టాక అది తెర మీదికి వచ్చేదాకా ఆవలించవచ్చు. సారు చిరాకు పడ్డాడు. సరిగ్గా అప్పుడే సారు అల్లుడు చంద్రపూర్ నుంచి వచ్చి ఉన్నాడు. కంప్యూటర్ చదువు చదివినవాడు. అత్తగారింటికి వచ్చినవాడికి పనేముంటుంది, సెంటర్‌కు వచ్చి పెద్ద మిషన్ ముందు కూర్చుని చకచకా ఏదో కొట్టాడు.

“మామయ్యా, ఇందులో పావు వంతు గాయబ్.”

“గాయబ్ ఏంది?”

“మెమరీ. అయిదు వందల పన్నెండు ఉండాలి కదా? మూడు వందల ఎనభై చిల్లరే చూపిస్తోంది.”

మిషన్ ఆపి, మూత విప్పాడు. మేమంతా చుట్టూ మూగాం. మెమరీ అంటే వేలెడు వెడల్పున్న పచ్చ పట్టీలు. వాటిని గుచ్చడానికి లోపల మూడు గాడులు ఉన్నాయి. రెండింటిలో పట్టీలున్నాయి. మూడోది ఖాళీ. పన్ను ఊడిన చిగురులాగా ఉంది. ఎన్ని పట్టీలు ఉండేవని అల్లుడు అడిగితే సారుకూ తెలియదు, నాకూ తెలియదు. అంతకు ముందు మూత తీసి చూసింది ఎవరు? పట్టీల మీద ఏ రాతా లేదు.

“ఒక పట్టీ పీకేశారు,” అన్నాడు అల్లుడు.

“మంచిర్యాలాయన గసొంటోడు గాదు. నాకు ఎన్కటినుంచి ఎరుకే,” అన్నాడు సారు.

“మరి దారిలో ఎక్కడ ఆగింది ఈ డబ్బా?”

నాకు మాటలు ఎప్పుడూ ముందే వస్తాయి కదా.

“మా ఇంట్ల ఆగింది! వాన కొడ్తుంటె బాపు తడవకుండ మంచం మీద పెట్టిండు. తను కింద పండుకున్నడు,” అన్నాను. బాపు ఎంత జాగ్రత్తగా చూశాడో చెప్పాలని. చెప్పిన తర్వాత ఆరు తెరల ముందున్న ఆరుగురి మొహాలు చూశాను. అల్లుడు సారు వైపు చూశాడు. సారు నేల వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది నాకు, నేను చెప్పింది వాళ్లకు ఏమని వినిపించిందో.

సాయంత్రం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. తుంపర పడుతోంది. సారు గొడుగు ముడుచుకుని గడప దగ్గరే నిలబడ్డాడు.

“అన్నా, తప్పు పట్టకు. ఊకెనే అడుగుదామని వచ్చిన. డబ్బా ఎవలన్న ముట్టిండ్రా?”

“ఎందుకు ముడ్తరు సారూ?”

“అండ్ల ఒక పట్టీ కమీ ఉన్నదంట. చిన్నది. ఎక్కడన్న జారి పడ్డదో ఏమో.”

బాపుకు పట్టీ అంటే ఏమిటో తెలియదు. కానీ తన చేతుల్లో వచ్చిన డబ్బాలో ఏదో తక్కువైందన్నది అర్థమైంది. అలాంటి మాట ఆయన ఎప్పుడూ వినలేదు. పక్కిళ్ల వాళ్లు ఒక్కొక్కరే వానలో బయటికి వచ్చారు.

“అయితె ఎతుకుండ్రి,” అన్నాడు.

“అరె వద్దన్నా, గట్ల గాదు...”

“గాదు సారూ. ఎతికే పోవాలె.”

తనే మొదలుపెట్టాడు. ట్రంకు పెట్టె తెచ్చి వాకిట్లో బోర్లించాడు. అవ్వ రెండో చీర, నా లంగాలు, ఓట్ల గుర్తింపు కార్డులు, నాకు బడిలో పరుగు పందెంలో వచ్చిన స్టీలు గ్లాసు. గిన్నెలు బోర్లించాడు. పరుపు దులిపాడు. సారు “చాలన్నా, చాలు” అంటూనే ఉన్నాడు. అల్లుడు మాత్రం చూస్తూ నిలబడ్డాడు. నేను గోడకు ఆనుకుని, నా లంగాల మీద వాన పడుతుంటే చూస్తున్నాను. చిరుగులు కుట్టిన వైపే పైకి ఉంది.

బాపు మంచం ఎక్కి వానమూట మీద చెయ్యి వేశాడు.

“అది వద్దు,” అంది అవ్వ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

“ఎందుకు వద్దు?” అన్నాడు బాపు.

“వరద రాకముందు ఇప్పుతరా ఎవలన్న? అచ్చి రాదు. వద్దు.”

“ఇంతకన్న అచ్చి రానిదేముంటది ఇగ?”

“నీకు దండం పెడ్త, దించకు.”

అల్లుడు ఒక అడుగు ముందుకు వేశాడు. బాపు మూట దించాడు. బరువుగానే ఉంది, రెండు చేతులతో పట్టుకున్నాడు. వాకిట్లో చాప మీద పెట్టి ముడి విప్పాడు. పైన బియ్యం. బాపు మా అందరి వైపు చూశాడు, చూశారా అన్నట్టు. చెయ్యి లోపలికి పెట్టి కలిపాడు. బియ్యం రెండు పిడికిళ్లే. కింద పాత గుడ్డ ముక్క. గుడ్డ కింద ఇసుక.

నది ఇసుక. సన్నగా, తెల్లగా, ఎండినది. మూట నిండా అదే.

నాకు మొదట అర్థం కాలేదు. బాపుకు కూడా కాలేదనుకుంటాను. ఇసుకను పిడికిట్లోకి తీసుకుని చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు సారు అల్లుడు గొంతుక్కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ ఇసుకలో వేళ్లు పెట్టి వెతికాడు. పట్టీ దొరుకుతుందేమోనని. మోచేతి దాకా పెట్టి అటూ ఇటూ కలిపాడు. ఇసుక జరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

“లేవయ్యా. లే, పోదాం,” అన్నాడు సారు, అతని భుజం పట్టి లాగుతూ. ఆయన మొహం కూడా వాడిపోయింది.

వాళ్లు వెళ్లిపోతుంటే పక్కింటి పెద్దమ్మ పైకే అనేసింది. “ఓయమ్మా, ఇసుక గూడ దాసుకుంటరానే మీ ఇంట్ల?”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఉన్నట్టుండి వినిపిస్తుంది. కూరగాయలు బేరం చేస్తుంటే వినిపిస్తుంది.

తలుపు వేసిన తర్వాత నేనే మొదలుపెట్టాను. అరిచాను కూడా. “ఎందుకు చేసినవే అవ్వా గిట్ల? వాడకట్టు ముంగట మన ఇజ్జత్ పోయింది. బియ్యం ఏం చేసినవ్?”

అవ్వ బోర్లించిన గిన్నెలు ఒక్కొక్కటే లోపల పెడుతోంది. నా వైపు చూడలేదు.

“నువ్వు తోలుకొచ్చినోళ్లకు ఏం పెట్టాలె మరి?” అంది. కోపంగా కాదు. నిజంగా నన్ను అడిగినట్టే అంది. “మీ బాపుకు పని లేకపాయె. నువ్వేమో నవ్వుకుంట ఇద్దరిని తోలుకొస్తివి, ముగ్గురిని తోలుకొస్తివి. పోరగాండ్లు ఆకలితోటి వచ్చి కూసుంటె లేదంటమా? అండ్ల కెల్లి తీసిన. వానలు పడ్డంక బాపు కమాయిస్తె మళ్ల నింపుదామనుకున్న. మూట తేలికైతె మీ బాపుకు తెలుస్తదని ఇసుక పోసిన.”

ఆ పిల్లల పళ్లేల్లో నేనే కొసరి కొసరి వడ్డించాను. “తినుండ్రే, సిగ్గు పడకుండ్రి” అని.

బాపు ఇసుకను మళ్లీ గుడ్డలో కట్టి తీసుకుపోయి నదిలో పోసి వచ్చాడు. ఉత్త గుడ్డను దులిపి దండెం మీద ఆరేశాడు.

మర్నాటి నుంచి ఏం జరిగిందంటే, ఎవరూ ఏమీ అనలేదు. అదే జరిగింది. పడవ ఎక్కేవాళ్లు ఎక్కారు, డబ్బులు ఇచ్చేవాళ్లు ఇచ్చారు. కానీ మూట ఇచ్చి పంపేవాళ్లు లేరు. “ఎందుకులే అన్నా, నేనే పోతున్న గద,” అనేవాళ్లు. వానలో, ముసలివాళ్లు కూడా, చిన్న మందు సీసా కోసం తామే పడవెక్కి పోయి వస్తున్నారు. బాపు తెడ్డు వేస్తూ వాళ్ల ఒళ్లోని సంచుల వైపు చూడకుండా నీళ్ల వైపే చూసేవాడు.

నేను పని మానేస్తానన్నాను. “నిన్నెవలు ఏమన్నరు బిడ్డా? రా,” అన్నాడు సారు. వెళ్లకపోతే నిజంగానే దొంగలం అనుకుంటారని వెళ్లాను. పాతగూడెం పిల్లలు, ఇసుక సంగతి వాళ్ల చెవినా పడిందేమో, ఆ రోజు నుంచి డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మిషన్ చచ్చి సారు ఎప్పటిలాగే వెంటనే మీట నొక్కి లేపుతున్న ఒక మధ్యాహ్నం అలవాటుగా వాళ్ల వైపు తిరిగి “రాండ్రి” అనబోయాను. “తెచ్చుకున్నం మేడం,” అన్నారు గబగబా, నా కన్నా ముందే. వాళ్లలో ఒకామె పోతూ పోతూ నా బల్ల కింద చిన్న గుడ్డమూట పెట్టి వెళ్లింది. విప్పితే బియ్యం. నేను ఆ బల్ల కిందికే వంగి, పెన్ను వెతుకుతున్నట్టు చాలాసేపు ఉండిపోయాను.

ఒక సంగతి మాత్రం నా కంటికి తగిలింది. పొద్దున మిషన్ వేసేది నేనే. మీట నొక్కగానే నల్ల తెర మీద అంకెలు గిరగిరా తిరిగి ఒక చోట ఆగుతాయి, అది తనకున్న మెమరీని తనే లెక్కపెట్టుకోవడం అని సారు ఒకసారి చెప్పాడు. రోజూ చూసేదే, ఎప్పుడూ చదవలేదు. ఆ పొద్దున చదివాను. చివర ఆగిన అంకె చూస్తే అయిదు వందల పన్నెండుకు సరిపడా మొత్తం ఉంది. ఆ తర్వాత మిషన్ పూర్తిగా లేచి అడిగితే పావు వంతు తక్కువ చెబుతోంది. పరుగెత్తి సారుకు చెప్పాను.

అల్లుడు అక్కడే ఉన్నాడు. వాగులు పొంగి చంద్రపూర్ బస్సులు ఆగిపోయాయి, పాపం అత్తగారింట్లోనే ఇరుక్కుపోయాడు. “లేచేటప్పుడు ఒకటి, లేచాక ఒకటి చెబుతుందా మిషన్? మనిషా అది?” అని నవ్వాడు. సారు మాత్రం నవ్వలేదు. “ఫోన్లు బాగు కానియ్, అడుగుదాం,” అన్నాడు.

ఫోన్లు బాగైన రోజు సెంటర్ కింద ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి మంచిర్యాలకు చేశాం. సారు, అల్లుడు పక్కనే నిలబడ్డారు. నేనే మాట్లాడాను.

“అన్నా, మా మిషన్ల పావు వంతు లేదు.”

“లేకేం చెల్లె, ఉన్నది. నేనే పక్కకు పెట్టిచ్చిన. ఫోన్ చేసి చెప్దామంటె మీ లైన్లు కలుస్తలేవు.”

“పక్కకంటె ఎక్కడ?”

“లోపట్నే. ఇగ ఇను. కర్నల్ అని ఒకటుంటది, మిషన్‌కు పెద్దమనిషి లెక్క. ఎవలకు ఎంత జాగ ఇయ్యాల్నో అదే పంచుతది. మీ మిషన్ పానం పోతున్నదంటె అదే పడిపోతున్నదన్నట్టు. ఎందుకు పడ్డదో చెప్పాలంటె ఎవలున్నరు? చెప్పెటిదే పడిపాయె. మీరేమో బటన్ నొక్కి లేపుతరు, లోపట ఉన్నదంత తుడుసుకపోతది. నేను ఇక్కడ దినమంత నడిపిచ్చినా ఒక్కపారి పడలే. నాకేం దొరుకుతది?”

“మరి?”

“అందుకే, మిషన్ లేవంగనే ఎవలకు పంచకముందే ఇంత పక్కకు పెట్టు అని రాసిన. అండ్ల ఇంకో చిన్న కర్నల్ పండుకోని ఉంటది. పెద్దది పడ్డప్పుడు గిది లేస్తది. పెద్దది ఆఖరి గడియల ఏం చేస్తుండెనో అంత డిస్కు మీద రాసి పెడ్తది.”

“పంచనామా లెక్కనా?”

“గంతే గంతే! పంచనామా!” ఆయన గట్టిగా నవ్వాడు. “మంచి మాట చెప్పినవ్.”

“గంత జాగ ఊకె పెట్టుడెందుకన్నా? పడ్డప్పుడే తీసుకుంటె కాదా? మిషన్ మెల్లగైంది.”

“పడ్డప్పుడు ఏది మంచిగున్నదో ఏది కరాబైందో ఎవలకెరుక? ముందుగాల్నే పెట్టాలె. నడుమ ఎవలు ముట్టద్దు. ఎంత ఇబ్బందైనా ముట్టద్దు. ముడితె ఇగ పెట్టి ఫాయిదా లేదు.”

సారు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆ ముక్కలన్నీ మళ్లీ తను విన్నాడు. పైకి వచ్చాక మంచిర్యాల ఆయన చెప్పిన చోట అల్లుడు తెరిచి చూశాడు. మిషన్ లేచేటప్పుడు చదువుకునే వరుసలో ఒక పొడుగాటి మాట, దాని పక్కన నూట ఇరవై ఎనిమిది. సరిగ్గా పావు వంతు. మూడో గాడి మొదటి నుంచీ ఖాళీయే.

“లోపలే ఎక్కడో ఉంటుందని నేను అనుకుంటూనే ఉన్నాను,” అన్నాడు అల్లుడు.

సారు ఆయన వైపు ఒక చూపు చూశాడు. అల్లుడు కదా, ఇంకేం అనలేడు. నా వైపు తిరిగి, “బిడ్డా, మీ బాపుకు చెప్పు,” అన్నాడు.

చెప్పాను. వాడంతా చెప్పాను, గడప గడపకూ పోయి. మెమరీ పోలేదు, మిషనే పక్కకు పెట్టుకుంది, మళ్లీ పడితే ఎందుకు పడ్డానో రాసుకోవడానికి. చెబుతుంటే నాకే పిచ్చి మాటల్లా ఉన్నాయి. పక్కింటి పెద్దమ్మ చాటలో బియ్యం చెరుగుతూ అంతా విని, “పక్కకు పెట్టుకున్నదా? మంచిదే. మిషన్ నయం మీకన్న,” అంది. తిట్టి ఉంటే తిట్టేదాన్ని. నిజం చెప్పింది.

మిషన్ మళ్లీ చచ్చింది ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం. గది నిండా జనం, సర్టిఫికెట్లు టైపు చేయించుకోవడానికి వచ్చిన రైతులు కూడా ఉన్నారు. చిన్న తెరలు బిగుసుకున్నాయి. ఎవరో అలవాటుగా మీట వైపు చెయ్యి చాపారు.

“ముట్టకుండ్రి! ఎవలు ముట్టకుండ్రి!” అని అరిచాను.

పెద్ద తెర మీద ఏవేవో అక్షరాలు వరుసలు వరుసలుగా పడి ఆగిపోయాయి. నాకు భయం వేసింది, ఆ చిన్న కర్నల్ కూడా లేవకపోతే ఇక బాపు మొహం ఎలా చూడాలి అని. తర్వాత తెర నల్లబడి, మీట నొక్కకుండానే, కొత్త అక్షరాలు మొదలయ్యాయి. మెల్లగా, కొంచెం కొంచెంగా. లోపల డిస్కు గరగరమని తిరుగుతోంది.

“లేసింది! రాస్తున్నది, పంచనామా రాస్తున్నది!” అన్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియలేదు.

ఒక ముసలి రైతు పక్కవాడిని అడిగాడు. “ఎవలు సచ్చిండ్రు?”

“మిషన్ సచ్చిందట. ఎట్ల సచ్చిందో అదే రాసుకుంటున్నదట.”

“అబ్బ! మా ఎద్దు గూడ గట్ల చెప్పి సస్తే మంచిగుంటుండె,” అన్నాడాయన.

అల్లుడు ఆ రాసిందంతా ఒక సీడీలోకి ఎక్కించాడు. దాన్ని మంచిర్యాలకు పంపాలి. ఎవరూ చెప్పకుండానే సారు గొడుగు తీసుకుని, సీడీ కవరును చొక్కా లోపల పెట్టుకుని, తనే రేవుకు నడిచాడు. నేను వెంట పోయాను. పడవ నిండుతోంది, మా వాడవాళ్లు చాలామందే ఉన్నారు. సారు అందరూ వినేలా, కొంచెం ఎక్కువ గట్టిగానే అన్నాడు.

“అన్నా, గిది మంచిర్యాలల ఇయ్యాలె. నీ చేతికే ఇస్తున్న. మాదే పొరపాటు. నీ చేతుల్నుంచి ఏం పోలే.”

బాపు కవరు తీసుకున్నాడు. ఎప్పుడూ చేసినట్టు నడుముకు చెక్కుకుంటాడనుకున్నాను. చెక్కుకోలేదు. కవరు మూత తెరిచాడు. సీడీని రెండు వేళ్లతో బయటికి తీసి, వానలోనే, సారుకు చూపించాడు. తర్వాత పడవలో ఉన్నవాళ్లకు చూపించాడు.

“ఒక్కటే ఉన్నది సారూ. జూసుకో. పళ్లెం అసొంటిది ఒక్కటి.”

“అరె, గదెందుకన్నా...”

“జూసుకో సారూ.”

సారు చూసుకున్నాడు. తల దించుకుని, “చూసిన,” అన్నాడు.

మంచిర్యాల ఆయన ఆ రాతలు చదివి, చిన్న తెరల తీగలు తగిలించే కార్డు ఒకటి కరాబు ఉందని పట్టుకున్నాడు. అది మార్చాక మిషన్ మధ్యాహ్నాలు చావడం మానేసింది. సారు మా ఇంటికి బియ్యం బస్తా పంపితే అవ్వ తిప్పి పంపింది. ఆ పిల్ల బల్ల కింద పెట్టి పోయిన బియ్యం మాత్రం ఉంచుకుంది. దులిపి ఆరేసిన గుడ్డలో వాటిని పోసి, చిన్న ముడి వేసి, దూలానికి కట్టింది. ఖాళీ గుడ్డంత పలచగా వేలాడేది. ఏ గాలికైనా ఊగేది.

జనం మళ్లీ మూటలు ఇవ్వడం మొదలుపెట్టారు. బాపు తీసుకుంటాడు. అయితే ఇప్పుడు ఏముందని అడుగుతాడు. వాళ్ల ముందే ముడి విప్పి, లోపలివి ఒక్కొక్కటే తీసి చాప మీద పెట్టి, పేరు చెప్పి మళ్లీ కడతాడు. ఒకసారి పక్కింటి పెద్దమ్మే కూతురికి గాజులూ, పచ్చడీ పంపడానికి వచ్చింది. విప్పుతుంటే ఆమెకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“నాకు నమ్మకం లేకనా తమ్మీ? గట్లనే కట్టి తీస్కపో. పది మంది ముంగట పచ్చడి సీస ఇప్పుడేంది?”

“జూసుకో అక్కా,” అన్నాడు బాపు. “నువ్వు జూసుకున్నంకనే నావ కదుల్తది.”

పడవ అంచున కూర్చున్న నాకు నవ్వొచ్చే మాటలు రెండో మూడో వచ్చాయి. ఒక్కటీ అనలేదు. గాజుల్ని ఒక్కొక్కటే లెక్కపెడుతున్న ఆయన చేతుల్ని చూడలేక నీళ్ల వైపు తిరిగాను.